పొగాకు అమ్మకాలు, ప్రచారంలో ఉల్లంఘనలపై ఫిర్యాదు చేయడం: పౌరులకు సమగ్ర మార్గదర్శి

సిగరెట్లు, బీడీలు, ఖైనీ, జర్దా వంటి పొగాకు ఉత్పత్తులను ఎక్కడ అమ్మకూడదో, ఎవరికి అమ్మకూడదో, వాటికి ఏయే రూపాల్లో ప్రచారం చేయకూడదో చెప్పే కేంద్ర చట్టం 2003లో వచ్చింది. అధికారులు, ఆరోగ్య కార్యకర్తలు ‘కోట్పా’ అని పొట్టిగా పిలిచే ఈ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వడానికి మీరు బాధితులై ఉండనవసరం లేదు, వకీలును పెట్టుకోనవసరం లేదు, రుసుము కట్టనవసరం లేదు. అయినా ఇలాంటి అర్జీల్లో చాలావరకు ఒకే కారణంతో వీగిపోతాయి. ‘మా వీధిలో పొగాకు అమ్ముతున్నారు, చర్య తీసుకోగలరు’ అని మాత్రమే రాస్తే, పద్దెనిమిదేళ్లు నిండినవారికి బడికి దూరంగా, హెచ్చరిక బొమ్మ ఉన్న ప్యాకెట్టును అమ్మడం చట్టబద్ధమే కాబట్టి, ఆ అర్జీని మూసివేయడానికి అధికారికి ఒక్క వాక్యం సరిపోతుంది. ఏ సెక్షన్, ఎంత దూరం, ఏ తేదీ, ఏ వేళ అనే నాలుగు ప్రశ్నలకూ జవాబున్న అర్జీని అంత తేలికగా మూసివేయలేరు. అటువంటి అర్జీని సిద్ధం చేసి, సరైన చోట ఇచ్చి, దాని వెంట నడవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

ఈ చట్టం పరిధిలోకి రానివి కొన్ని ఉన్నాయి. ఒంగోలు, కందుకూరు వైపు వర్జీనియా పొగాకు పండించే రైతు, తన ఇంటి అరుగు మీద చుట్ట కాల్చుకునే తాత, శ్రీకాకుళం పల్లెలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకొని కాల్చడం) అలవాటున్న అవ్వ, వీరెవరూ ఉల్లంఘనులు కారు. చట్టం పట్టించుకునేది అమ్మకాన్ని, ప్రచారాన్ని, ప్యాకెట్టును, నలుగురూ మసలే చోట పొగతాగడాన్ని. ఫిర్యాదు కూడా ఆ గీత దాటకూడదు.

మొదటి మెట్టు: చూసినది ఏ ఉల్లంఘనో తేల్చుకోవడం

పిల్లలకు అమ్మడం సెక్షన్ 6(ఎ) కిందికి వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఏ పొగాకు ఉత్పత్తినీ అమ్మకూడదు. ‘మా నాన్న తెమ్మన్నాడు’ అని పిల్లవాడు చెప్పినా, వాడి చేతికి ఇవ్వడం నేరమే. కొన్న వ్యక్తి మైనరు కాదని నిరూపించుకోవలసిన బాధ్యతను నిబంధనలు అమ్మినవాడి మీదే పెట్టాయి. అనుమానం వస్తే వయసు రుజువు అడగవలసినదీ అతడే. పద్దెనిమిదేళ్లలోపు వారికి అమ్మడం శిక్షార్హమని తెలిపే 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల బోర్డు కనబడేలా ఉండాలి. పిల్లల చేతికి అందేలా సరుకు పేర్చి పెట్టకూడదు. కొట్టులో అమ్మే వ్యక్తి కూడా మైనరు కాకూడదు. తండ్రి భోజనానికి వెళ్లినప్పుడు కొట్టు చూసుకునే పన్నెండేళ్ల పిల్లవాడు సిగరెట్టు తీసి ఇస్తే అది కూడా ఉల్లంఘనే.

కోట్పా కింద దీనికి జరిమానా 200 రూపాయలకు మించదు. అందుకే చాలామంది అర్జీలో వదిలేసే మరో చట్టాన్ని తప్పక ప్రస్తావించాలి. పిల్లలకు పొగాకు ఉత్పత్తులు ఇచ్చినా, ఇప్పించినా, 2015 నాటి బాల న్యాయ చట్టం సెక్షన్ 77 ప్రకారం ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఈ సెక్షన్‌ను ఉదహరించిన అర్జీని పోలీసు స్టేషనులో రెండు వందల రూపాయల వ్యవహారంగా చూడరు.

బడి చుట్టూ అమ్మకం సెక్షన్ 6(బి) కిందికి వస్తుంది. విద్యాసంస్థకు వంద గజాల లోపు ఏ వయసు వారికైనా సరే పొగాకు అమ్మకూడదు. గుర్తింపు పొందిన బడులు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు అన్నీ ఇందులోకి వస్తాయి. ఇక్కడ పద్దెనిమిదేళ్ల ప్రశ్నే లేదు కాబట్టి నిరూపించడం కూడా సులభం. దూరం, అమ్మకం అనే రెండు విషయాలు చూపితే చాలు. ఈ నిషేధాన్ని తెలిపే బోర్డును గేటు దగ్గర పెట్టించవలసిన బాధ్యత ఆ విద్యాసంస్థ అధిపతిదే.

ప్రచారం సెక్షన్ 5 కిందికి వస్తుంది. నా దృష్టిలో పౌరులు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది దీని మీదే, ఎందుకంటే అమ్మకంపై వచ్చే ఫిర్యాదు రోజుకు కొన్ని వందలు సంపాదించే చిరువ్యాపారి దగ్గర ఆగిపోతుంది, ప్రచారంపై ఇచ్చే ఫిర్యాదు మాత్రం ఆ బోర్డు చేయించి, తగిలించి, దానివల్ల లాభపడే కంపెనీ వరకు, పంపిణీదారు వరకు వెళ్లగలదు. పత్రికలో, టీవీలో, హోర్డింగు మీద, గోడ మీద, కరపత్రంలో, ఎక్కడైనా పొగాకు ప్రకటన నిషిద్ధం. తన గోడ మీదో, స్థలంలోనో అటువంటి ప్రకటనను ఉండనిచ్చిన యజమాని కూడా బాధ్యుడవుతాడు. క్రీడా పోటీలకు, ఉత్సవాలకు పొగాకు కంపెనీ తన సరుకు పేరుతో ప్రాయోజకత్వం చేయకూడదు. ఉచిత నమూనాలు, బహుమతులు పంచడం కూడా ప్రచారమే. మొదటిసారి నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, తరువాతి నేరానికి ఐదేళ్ల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

దుకాణం దగ్గర మాత్రం చిన్న మినహాయింపు ఉంది. అక్కడ దొరికే పొగాకు రకాలను తెలిపే బోర్డులు రెండింటికి మించకుండా, ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లకు మించకుండా పెట్టుకోవచ్చు. వాటి మీద ఆరోగ్య హెచ్చరిక ఉండాలి. బ్రాండు పేరు గానీ, ప్యాకెట్టు బొమ్మ గానీ, ప్రచార సందేశం గానీ ఉండకూడదు, వెనుకనుంచి వెలిగే దీపాలు ఉండకూడదు. ఈ కొలతలు పట్టుకొని మీ వీధి చివరి పాన్ డబ్బాను ఒక్కసారి పరిశీలించండి. పేరు లేకపోయినా, ఒక సిగరెట్టు బ్రాండుకే చెందిన రంగులు, అమరిక వాడుకుంటే నిబంధనలు దానిని పరోక్ష ప్రచారంగానే లెక్కిస్తాయి. డబ్బా మొత్తానికి ఆ రంగులు వేసి ఉంటే అర్జీలో ఆ మాట రాయండి.

ప్యాకెట్టుపై హెచ్చరిక సెక్షన్ 7 కిందికి వస్తుంది. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్యాకెట్టు రెండు ప్రధాన వైపులా 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక ఉండాలి. దొంగరవాణాలో వచ్చే విదేశీ సిగరెట్లు, పల్లె సంతల్లో అమ్మే కొన్ని నమలే పొగాకు పొట్లాలు ఇక్కడే పట్టుబడతాయి.

ఇక కోట్పాకు బయట ఉన్నవి రెండు. ఆహార పదార్థాలలో పొగాకు గానీ నికోటిన్ గానీ కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. దాని ఆధారంగా గుట్కా మీద రాష్ట్రాల ఆహార భద్రతా కమిషనర్లు ఏడాదికొకసారి నిషేధ ఉత్తర్వులు ఇస్తుంటారు. తెలంగాణలో 2024 మే 24 నుంచి అటువంటి ఉత్తర్వు ఒక ఏడాదికి వచ్చింది. ఉత్తర్వుకు గడువు ఉంటుంది కాబట్టి, అర్జీ రాసేనాటికి అమల్లో ఉన్నది ఏదో చూసుకొని దాని తేదీని ఉదహరించాలి. రెండవది ఈ-సిగరెట్లు, అంటే కుర్రకారు ‘వేప్’ అని పిలిచేవి. 2019 నాటి చట్టం వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నింటినీ పూర్తిగా నిషేధించింది. అమ్మినవారికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. వీటి విషయంలో వయసు, దూరం, హెచ్చరిక అనే షరతులేవీ లేవు. అమ్మకానికి కనబడడమే నేరం.

రెండవ మెట్టు: దూరం కొలవడం, ఆధారాలు సేకరించడం

వంద గజాలంటే 91.44 మీటర్లు, మన లెక్కలో 300 అడుగులు. దీనిని విద్యాసంస్థ ప్రహరీ లేదా కంచె వెలుపలి అంచు నుంచి నేరుగా, వృత్తాకారంగా కొలవాలి. గేటు నుంచి నడిచి వెళ్లే దారిని కొలవకూడదు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. సందు తిరిగి వెళ్తే నూట యాభై మీటర్లు వచ్చే కొట్టు, గోడ నుంచి నేరుగా చూస్తే డెబ్బై మీటర్లలోనే ఉండవచ్చు. ఫోనులోని మ్యాపులో దూరం కొలిచే సౌకర్యంతో గోడకు దగ్గరగా ఉన్న మూల నుంచి కొట్టు వరకు కొలిచి, ఆ తెరచిత్రాన్ని (స్క్రీన్‌షాట్) భద్రపరచుకోండి. తొంభై, తొంభై ఐదు మీటర్ల మధ్య తేలితే మీ అంకెనే ఖాయమని పట్టుబట్టకుండా, అధికారికంగా కొలిపించమని అర్జీలో కోరండి.

ఫోటోలు మూడు రకాలుగా తీయడం మంచిది. మొదటిది బడి గోడ, కొట్టు రెండూ ఒకే చట్రంలో కనబడేది. రెండవది కొట్టు పేరు, పక్కన ఉన్న గుర్తులు కనబడేది. మూడవది ఉల్లంఘన స్పష్టంగా కనబడేది, అంటే బ్రాండు బోర్డు, హెచ్చరిక లేని పొట్లం, పిల్లలకు అందే ఎత్తులో వేలాడుతున్న పొట్లాల దండలు వంటివి. ఫోనులో తేదీ, సమయం, స్థలం నమోదయ్యేలా అమర్చుకోండి. మూలప్రతిని మార్చకుండా ఉంచి, అర్జీకి నకలు జతచేయండి. ఒక్కసారి చూసినదానికంటే వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూసి తేదీలతో రాసుకున్నదానికి బలం ఎక్కువ. బడి విడిచిపెట్టే వేళ ఇందుకు తగిన సమయం.

చేయకూడనివి కూడా అంతే ముఖ్యం. పరీక్షించడానికని మీ పిల్లవాడిని పంపి సిగరెట్టు కొనిపించవద్దు. అది ఆ పిల్లవాడి విషయంలో తప్పు, కేసునూ చిక్కుల్లో పడేస్తుంది. కొంటున్న పిల్లల ముఖాలు కనబడేలా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టం నిషేధిస్తుంది, పైగా తప్పు ఆ పిల్లవాడిది కాదు. కొట్టు యజమానితో వాదనకు దిగవద్దు, బోర్డును మీరే పీకివేయవద్దు. ఒక్కరే పేరు బయటపెట్టుకోవడానికి భయపడితే పాఠశాల తల్లిదండ్రుల కమిటీ తరఫున, తెలంగాణలోనైతే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తరఫున తీర్మానం చేసి పంపవచ్చు. పదిమంది సంతకాలున్న కాగితంలో ఎవరో ఒకరు వేలెత్తి చూపించినట్లు ఉండదు. మీ వివరాలు గోప్యంగా ఉంచవలసిందిగా రాతపూర్వకంగా కోరడం ఎప్పుడైనా మంచిదే.

మూడవ మెట్టు: ఎవరికి ఇవ్వాలి

మీ కళ్ల ముందే పిల్లలకు అమ్ముతుంటే 112కు గానీ, పిల్లల సహాయ సంఖ్య 1098కు గానీ ఫోను చేయండి. మిగతావన్నీ రాతపూర్వకంగా ఇవ్వడమే మేలు.

స్థానిక పోలీసు స్టేషను మొదటి చిరునామా. సబ్ ఇన్‌స్పెక్టరు, ఆ పైస్థాయి అధికారులకు కోట్పా కింద దుకాణంలో ప్రవేశించి సోదా చేసే అధికారం, ఉల్లంఘన జరిగిన సరుకును, ప్రకటన సామగ్రిని జప్తు చేసే అధికారం ఉన్నాయి. బడి దగ్గర అమ్మకాలపై జరిమానా వేసే అధికారం విద్యాసంస్థ అధిపతులకు కూడా ఉందని చాలామంది ప్రధానోపాధ్యాయులకే తెలియదు. వారికి ఒక ప్రతి ఇచ్చి ఈ విషయం మర్యాదగా గుర్తుచేయండి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో ఇచ్చిన ‘పొగాకు రహిత విద్యాసంస్థ’ మార్గదర్శకాలను ప్రస్తావిస్తే మరింత మంచిది. వంద గజాల హద్దును పసుపు గీతతో గుర్తించే పద్ధతి ఆ కార్యక్రమంలోనిదే.

జిల్లా స్థాయిలో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయం నుంచి నడుస్తుంది. ప్రచారం, ప్యాకెట్ల ఉల్లంఘనలను ఆ కార్యాలయానికి, పోలీసులకు ఏకకాలంలో రాయాలి. హోర్డింగు పురపాలక సంఘం పరిధిలో ఉంటే కమిషనరుకు ఒక ప్రతి పంపండి. గుట్కా విషయం ఆహార భద్రతాధికారిది. ఆహార భద్రతా సంస్థ ఉచిత సంఖ్య 1800112100 కూడా ఉంది. ఈ-సిగరెట్ల కోసం కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023లో ‘వయొలేషన్-రిపోర్టింగ్ డాట్ ఇన్’ అనే ప్రత్యేక వెబ్‌సైటు ప్రారంభించింది. ఆ సైటులో నమోదు చేసి, స్థానిక పోలీసులకు కూడా ఇవ్వండి. రైలులో పొగతాగడం, స్టేషనులో పొగాకు అమ్మకం వంటివి 139కు చెప్పవచ్చు.

సిగరెట్టు ప్యాకెట్టు మీద అచ్చయి ఉండే 1800-11-2356 ఫిర్యాదుల సంఖ్య కాదు. అది పొగాకు మానాలనుకునేవారికి సలహా ఇచ్చే సంఖ్య. ఇంట్లో ఎవరికైనా మానాలని ఉంటే తప్పక వాడుకోండి, ఫిర్యాదుకు మాత్రం అది పనికిరాదు.

టీవీలో, వెబ్‌లో వచ్చే ప్రకటనలకు దారి వేరు. గుట్కా బ్రాండు పేరుతోనే ఇలాచీ, పాన్ మసాలా ప్రకటనలు సినీ తారలతో వస్తుంటాయి. ఇటువంటి మారుపేరు ప్రకటనలను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధిస్తున్నాయి. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 ద్వారా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఓటీటీ చిత్రాల్లో పొగతాగే దృశ్యం వద్ద హెచ్చరిక లేకపోతే, 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అది ఉల్లంఘన. ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి రాస్తే 24 గంటల్లో అందినట్లు తెలిపి, 15 రోజుల్లో పరిష్కరించాలి. ఇన్‌స్టాగ్రామ్ వంటి చోట్ల వేప్ అమ్మే ఖాతాలు కనబడితే ఖాతా చిరునామా, ప్రకటన తెరచిత్రం, చెల్లింపుకు ఇచ్చిన వివరాలు భద్రపరచుకున్న తరువాతే ఆ వేదికకు తెలపండి. ముందే తెలిపితే ఖాతా మాయమై పోలీసులకు చూపించడానికి ఏమీ మిగలదు.

నాలుగవ మెట్టు: అర్జీ రాయడం

అర్జీ ఒక పుటకు మించనవసరం లేదు. చూసినది రాయాలి, ఊహించినది రాయకూడదు. ‘ఈ కొట్టువాడు పిల్లల జీవితాలు నాశనం చేస్తున్నాడు’ అనే ఆవేదన న్యాయమైనదే, కానీ దానివల్ల అధికారికి పని జరగదు. బడి వద్ద అమ్మకం, బ్రాండు బోర్డు రెండూ ఉన్న సందర్భానికి నమూనా ఇది.

‘గౌరవనీయులైన స్టేషను హౌస్ ఆఫీసరు గారికి, ___ పోలీసు స్టేషను. ప్రతి: జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి, ప్రధానోపాధ్యాయులు, ___ ఉన్నత పాఠశాల వారికి.

విషయం: 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం సెక్షన్ 5, సెక్షన్ 6(బి) ఉల్లంఘనలపై ఫిర్యాదు.

అయ్యా, ___ గ్రామంలోని ___ ఉన్నత పాఠశాల తూర్పు ప్రహరీకి నేరుగా సుమారు ___ మీటర్ల దూరంలో, ___ గుడి ఎదురుగా ఉన్న ___ అనే దుకాణంలో సిగరెట్లు, ఖైనీ పొట్లాలు అమ్ముతుండగా ___ తేదీ సాయంత్రం ___ గంటలకు, మరల ___ తేదీ ఉదయం ___ గంటలకు నేను స్వయంగా చూశాను. ఆ దుకాణం పైభాగంలో ___ బ్రాండు పేరు, ప్యాకెట్టు బొమ్మ గల సుమారు ___ అడుగుల దీపపు బోర్డు ఉంది. ఫోటోలు, దూరం చూపే మ్యాపు జతపరిచాను. దూరాన్ని అధికారికంగా కొలిపించి, అమ్మకాన్ని నిలిపివేయించవలసిందిగా, ఆ బోర్డును జప్తు చేసి దానిని ఏర్పాటు చేసిన కంపెనీ లేదా పంపిణీదారును గుర్తించి సెక్షన్ 5 కింద చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను. నా వివరాలు గోప్యంగా ఉంచి, తీసుకున్న చర్యను రాతపూర్వకంగా తెలుపగలరు.’

చివరి కోరికలో కంపెనీ, పంపిణీదారు అనే మాటలను వదలవద్దు. అవి లేకపోతే కొట్టు యజమాని చేత బోర్డు దింపించి ఫైలు మూసివేస్తారు, ఆ బోర్డు మరో వీధిలో వెలుస్తుంది. పిల్లలకు అమ్మడం చూసి ఉంటే సెక్షన్ 6(ఎ)తో పాటు బాల న్యాయ చట్టం సెక్షన్ 77ను విషయంలోనే చేర్చండి. పిల్లల పేర్లు మాత్రం రాయవద్దు.

ఐదవ మెట్టు: వెంటపడటం

అర్జీ ఇచ్చినప్పుడు మీ ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. తపాలాలో అయితే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. పక్షం రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటుకు వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి ఒక సంఖ్య వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1100కు ఫోను చేసి కూడా నమోదు చేయించి, ఏ దశలో ఉందో తెలుసుకోవచ్చు. కేంద్ర ఫిర్యాదుల వెబ్‌సైటు ద్వారా ఆరోగ్య మంత్రిత్వ శాఖకు రాస్తే సాధారణంగా 21 రోజుల్లో పరిష్కరించాలని 2024 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టాన్ని వాడుకోండి. ‘నా ఫలానా తేదీ అర్జీపై తీసుకున్న చర్యల నివేదిక ప్రతి ఇవ్వండి’, ‘గత ఏడాదిలో ఈ స్టేషను పరిధిలో కోట్పా సెక్షన్ 5, సెక్షన్ 6 కింద నమోదైన కేసుల సంఖ్య, వసూలైన జరిమానా తెలపండి’ అనే రెండు ప్రశ్నలు చాలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కేసుల సంఖ్య సున్నా అని లిఖితపూర్వకంగా వస్తే, ఆ కాగితాన్నే తదుపరి అర్జీకి జతచేయండి. చర్య లేదని మీరు చెప్పడం కంటే, శాఖే ఒప్పుకొన్న కాగితానికి జిల్లా కలెక్టరు దగ్గర విలువ ఎక్కువ.

జరిమానా కట్టి పదిరోజుల తరువాత అదే కొట్టులో అమ్మకం మళ్లీ మొదలవడం మామూలే. అప్పుడు పాత అర్జీ సంఖ్య, జరిమానా వేసిన తేదీ పేర్కొంటూ కొత్త అర్జీ ఇవ్వాలి, పాతదానిని గుర్తుచేస్తూ లేఖ పంపితే సరిపోదు, ఎందుకంటే ప్రతి అమ్మకమూ చట్టం దృష్టిలో వేరే నేరం. ప్రకటన విషయంలోనైతే మొదటి శిక్ష పడిన తరువాత జరిగే రెండవ నేరానికి శిక్ష పెరుగుతుంది కాబట్టి, మొదటి కేసు నంబరు, న్యాయస్థానంలో అది ఏ దశలో ఉందో పోలీసు స్టేషనులో అడిగి రాసిపెట్టుకోండి.